సైకిల్‌కి సరిపోయే ఊరు... మా ఖని!

'ప్రపంచంలో సైక్లిస్టులకు బెస్ట్ సిటీలు' అని ఫోన్‌లో కొట్టి చూడండి. కోపెన్‌హాగెన్, ఆమ్‌స్టర్‌డామ్, ఉట్రెక్ట్... ఏ లిస్టు తీసినా దాదాపు ఇవే పేర్లు. నేను ఇంకో పేరు చేరుస్తాను: గోదావరిఖని.

నవ్వొచ్చిందా? బొగ్గు లారీలు, దుమ్ము, మే నెలలో 45 డిగ్రీల ఎండ... ఇదేం సైకిల్ సిటీ అనుకుంటున్నారు కదా! కాస్త ఆగండి. ఇవాళ మా ఊరికి ఆ ర్యాంకు రాదు, నాకూ తెలుసు. కానీ సైకిల్ ఊరికి కావాల్సిన సగం సరుకు ఇక్కడ ఎప్పుడో వచ్చి పడింది. ఉన్నదాన్ని పోగొట్టుకుంటున్నామన్నదే నా బాధ.

నేను పుట్టి పెరిగింది ఇక్కడే. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోయిన చలికాలం నెల రోజులు వర్క్ ఫ్రం హోం దొరికితే ఇంటికి వచ్చేశాను. బాపు పాత సైకిల్ వెనక అరుగు మీద అట్లనే ఉంది. కొత్త ట్యూబులు, బ్రేక్ రబ్బర్లు వేయించి, పొద్దున లాగిన్‌కి ముందు, సాయంత్రం లాగవుట్ అయ్యాక ఊరంతా తిరిగాను. బండి మీద ఇరవై ఏళ్లు తిరిగినా కనిపించనివి సైకిల్ మీద నెల రోజుల్లో కనిపించాయి.

నంబరే అడ్రస్

మా ప్రాంతం తెలియని వాళ్లకు చిన్న పరిచయం. రామగుండం, గోదావరిఖని, ఎన్టీపీసీ వాళ్ల జ్యోతినగర్, యైటింక్లయిన్ కాలనీ... ఇవన్నీ పక్కపక్కన పెరిగి కలిసిపోయిన ఊళ్లు. జిల్లా పెద్దపల్లి. అన్నం పెట్టేది బొగ్గు, కరెంటు, ఎరువులు. బొగ్గు తీసేది సింగరేణి కాలరీస్. 1920లో ఈ పేరు పెట్టుకున్న కంపెనీ ఇది. ఇప్పుడు ఇందులో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా.

భూమిలోకి ఏటవాలుగా దిగే గనిని ఇంక్లైన్ అంటారు. మేమైతే అన్నిటినీ 'బొగ్గుబాయి' అనే అంటాం. బాయికి ఓ నంబరు, ఆ నంబరు మీదే కాలనీ, బస్టాపు. "ఎక్కడుంటవ్?" అంటే "యైటింక్లయిన్" అంటారు. అంతే, అడ్రస్ అయిపోయింది.

సైకిల్‌కీ దీనికీ సంబంధం ఏంటంటే... బాయి పనికి టైముకి పోయి మస్టర్ పడాలి. మస్టర్ పడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే కార్మికుల క్వార్టర్లు బాయిలకు దగ్గర్లో కట్టారు. దవాఖానా, బడి, అంగడి కూడా ఆ చుట్టుపక్కలే. ఇంటి నుంచి పనికి రెండు మూడు కిలోమీటర్లు. రామగుండం వైపు గుట్టలు వదిలేస్తే నేల దాదాపు చదును. ఇప్పుడు కొత్తగా కనిపించే కొండలన్నీ ఓపెన్‌కాస్టుల నుంచి తీసి పోసిన మట్టికుప్పలే.

ప్యారిస్ మేయర్‌గా ఉన్న అన్ హిడాల్గో 2020 ఎన్నికల్లో '15 నిమిషాల నగరం' అని ప్రచారం చేశారు. పని, బడి, దుకాణం, ఆస్పత్రి అన్నీ ఇంటి నుంచి నడకలోనో సైకిల్ మీదో పావుగంటలో అందాలన్నది దాని సారం. ప్రపంచమంతా ఆహా అంది. మా దగ్గర ఆ పేరు లేదు గానీ, మస్టర్ భయంతో అచ్చం అలాంటి ఊరే తయారైంది.

రోడ్డంతా సైకిళ్లే

బాపు బదిలీ ఫిల్లర్‌గా చేరాడు, ఈ మధ్యే రిటైరయ్యాడు. సగం సర్వీసు సైకిల్ మీదే. క్యారేజీకి సద్దిగిన్నె, హ్యాండిల్‌కి నీళ్ల డబ్బా. ఆ రోజుల గురించి అడిగితే ముసిముసిగా నవ్వాడు.

"ఫస్టు షిఫ్టు టైముకు రోడ్డంత సైకిళ్లేరా. లారోడే ఆగేటోడు. బాయి కాడ స్టాండుల మన సైకిల్ దొరకవట్టాలంటే హ్యాండిల్‌కు గుడ్డపేలిక కట్టుకునేటోళ్లం."

'లారోడే ఆగేటోడు' అన్న మాట వెనుక పెద్ద లెక్కే ఉంది. పీటర్ జాకబ్‌సన్ అనే పరిశోధకుడు 2003లో రకరకాల ఊళ్ల, దేశాల ప్రమాదాల లెక్కలు ముందేసుకుని చూశాడు. ఒక చోట సైకిల్ తొక్కేవాళ్లు రెట్టింపయితే ప్రమాదాలు రెట్టింపు కావడం లేదు, మూడో వంతు దాకే పెరుగుతున్నాయి. అంటే ఒక్కో మనిషికి ముప్పు తగ్గుతుంది. రోజూ సైకిళ్లను చూసే డ్రైవర్ కళ్లు వాటికి అలవాటు పడతాయన్నమాట. షిఫ్టు వదిలినప్పుడు వందల మంది ఒకేసారి రోడ్డెక్కే ఊళ్లో ఈ రక్షణ ఊరికే దొరికేది.

ఉట్రెక్ట్ రైల్వే స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే పార్కింగ్ 2019లో పూర్తయితే వీడియోలు వైరల్ అయ్యాయి. బాయి దగ్గర సైకిల్ స్టాండు ఉండటం మా బాపు తరానికి మామూలు సంగతి. అంతే కాదు, బొగ్గు గనుల దగ్గర స్నానాల గదులు ఉండాలని 1959లోనే ప్రత్యేకంగా రూల్స్ వచ్చాయి. సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లేవాళ్లు ఇవాళ అడిగేదీ ఈ రెండే: సైకిల్ పెట్టడానికి చోటు, చెమట కడుక్కోవడానికి నీళ్లు. హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఓ ఆఫీసులో కార్లకు నాలుగు అంతస్తుల పార్కింగ్ ఉండేది. సైకిల్ పెట్టాలంటే మాత్రం సెక్యూరిటీ అన్నని బతిమాలుకోవాలి.

మరి ఏమైపోయాయి?

సైకిళ్లు పోవడానికి మొదటి కారణం మంచిదే. జీతాలు పెరిగాయి, బండ్లు కొనుక్కున్నారు. బాపు కూడా కొన్నాడు. నైట్ షిఫ్టు చేసి, ఒళ్లు హూనమై ఇంటికొచ్చే మనిషిని సైకిలే తొక్కమనే హక్కు ఎవరికీ లేదు.

రెండో కారణం మనుషులు తగ్గడం. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులు ఉండేవాళ్లు. ఇప్పుడు దాదాపు 40 వేలు. గుంపు పలచబడింది. ఒంటరి సైకిల్‌కి లారీవాడు ఎందుకు ఆగుతాడు?

మూడోది ఓపెన్‌కాస్ట్. భూగర్భ గని ఊరి కింద ఉంటుంది, పైన రోడ్లు రోడ్లలాగే ఉంటాయి. ఓపెన్‌కాస్ట్‌కి పైన నేలే కావాలి. పాత దారులు తెగుతాయి, ఊళ్లు లేస్తాయి, చుట్టు తిరిగి పోవాల్సి వస్తుంది. పైగా పెద్ద బండ్లు. బొగ్గు టిప్పర్లు ఒక పక్క, పవర్ ప్లాంటు బూడిద లారీలు ఇంకో పక్క. ఓ సాయంత్రం బూడిద లారీ ఒకటి నన్ను ఆనుకునే పోయింది. అది పోయాక రోడ్డు కనిపించడానికి కొన్ని సెకన్లు పట్టింది. వెనక ఇంకో లారీ ఉంటే ఏంటి పరిస్థితి అన్న ఆలోచన ఇంటికి వచ్చేదాకా వదల్లేదు.

రహదారికి అటూ ఇటూ

హైదరాబాద్ నుంచి కరీంనగర్, పెద్దపల్లి మీదుగా వచ్చే రాజీవ్ రహదారి మా ఊళ్ల మధ్యలోంచే గోదావరి బ్రిడ్జి వైపు పోతుంది. నాలుగు లేన్లు, మధ్యలో డివైడర్. బస్సులో ఊరికి వచ్చేవాళ్లకు అది వరం. సైకిల్ మీద దాటాల్సిన వాళ్లకు మాత్రం అది గోడ.

అక్క వాళ్లుండే కాలనీ రహదారికి ఇటు పక్క, కోడలు పిల్ల చదివే బడి అటు పక్క. తొమ్మిదో తరగతి. గులాబీ రంగు సైకిల్ ఉంది. బడికి మాత్రం ఆటోలో పోతుంది. ఎందుకని అడిగితే మూతి ముడిచి, "మామా, కాలనీల తొక్కమంటరు, బడికి వద్దంటరు. మరి సైకిల్ ఎందుకు కొన్నట్టు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అక్క భయం కూడా తప్పు కాదు.

నెదర్లాండ్స్ కూడా పుట్టుకతో సైకిల్ స్వర్గం కాదు. అక్కడ 1971 ఒక్క ఏడాదిలోనే 400 మందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. తల్లిదండ్రులు 'పిల్లల్ని చంపడం ఆపండి' అంటూ వీధుల్లోకి వచ్చారు. తర్వాత పెట్రోలు సంక్షోభం కూడా తోడైంది. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే ఎర్రటి సైకిల్ ట్రాకుల వెనక ఆ అమ్మానాన్నలు ఉన్నారు. మనుషులు, బండ్లు కలిసి తిరిగే చోట స్పీడు 30 కిలోమీటర్లు దాటొద్దని 2020లో స్టాక్‌హోమ్ రోడ్డు భద్రత సదస్సు కూడా చెప్పింది. మా చౌరస్తాల దగ్గర ఈ ఒక్కటి అమలైనా పిల్ల బడికి సైకిల్ మీద పోతుంది.

నీడ కావాలి సారూ

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. 23 కిలోమీటర్లు, పైన ప్యానెళ్లు, కింద నీడ. వీకెండ్ నేనూ తొక్కుతాను, మస్తుంటుంది. కాకపోతే చాలామంది అక్కడిదాకా సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వస్తారు. అది రైడ్‌కి పోయే చోటు. మా ఊరికి కావాల్సింది పనికి పోయే దారి.

ఎండకి మా దగ్గర కొదవ లేదు. ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు 2022లో పూర్తయింది. అంటే మా ఊళ్లో నీళ్లకు కూడా నీడ ఉంది, సైకిల్ మీద పోయే మనిషికే లేదు! పాత కాలనీల్లోకి తిరిగితే తేడా ఒంటికే తెలుస్తుంది. వేపచెట్ల కింద మధ్యాహ్నం కూడా తొక్కొచ్చు. మెయిన్ రోడ్డు ఎక్కితే పది నిమిషాలకే నోరు ఎండిపోతుంది.

ఇంత ఎండలో ఇంకా ఎవరు తొక్కుతున్నారు? హెల్మెట్, స్మార్ట్ వాచ్ పెట్టుకున్నవాళ్లు ఒకరిద్దరు కనిపించారు. మిగతా అందరూ కాంట్రాక్టు పని చేసేవాళ్లు, పాలు, కూరగాయలు అమ్మేవాళ్లు, బడి పిల్లలు. పొద్దున ఆరింటికి టీ కొట్టు దగ్గర ఓ అక్క కలిసింది. ఊడ్చే పనికి పోతోంది.

"బండి కొంటె కిస్తులు కట్టాలె. ఆటోకు పోను రాను నలభై. దీనికి గాలి తప్ప ఏం పెట్టాలె తమ్మీ? రోడ్డు దాటేటప్పుడు మాత్రం దిగి నడిపిస్త. పిల్లలు చిన్నోళ్లు."

ఆమె ఏ సర్వేలోనూ సైక్లిస్ట్ కాదు, గ్రూప్ రైడ్ ఫొటోల్లో ఉండదు. ఆమె దిగకుండా రోడ్డు దాటగలిగిన రోజు మా ఊరు గొప్ప సైకిల్ ఊరు అయినట్టు. నా కొలత అంతే.

పెద్ద ఖర్చేం కాదు

దీనికి కోట్ల ట్రాకులు అక్కర్లేదు. రహదారి దాటే ముఖ్యమైన చోట్ల సిగ్నల్, రోడ్డు మీద ఎత్తు గీతలు. బడి టైముకి, షిఫ్టు మారే టైముకి లారీలు ఊళ్లోకి రాకుండా ఓ గంట ఆపడం. కాలనీల లోపలి రోడ్లను ఒకదానితో ఒకటి కలిపి, మలుపుల్లో బోర్డులు పెట్టడం. మెయిన్ రోడ్డు పక్కన వేపచెట్లు. రాష్ట్రంలోనే వరంగల్ ఉంది చూడండి. కేంద్రం 2020లో పెట్టిన 'సైకిల్స్ ఫర్ చేంజ్' పోటీలో అదీ పాల్గొంది. వరంగల్ పోటీకి దిగగా లేనిది మనకేం తక్కువ?

మీరు మా ఊరివాళ్లయితే ఓ ఆదివారం ప్లేడే నాడు పొద్దున్నే సైకిల్ తీయండి. లారీలు తక్కువ ఉంటాయి. కాలనీల లోపలి దారుల్లో తిరిగి, గోదావరి బ్రిడ్జి దాకా పోయి, సమ్మక్క జాతర జరిగే ఒడ్డున కాసేపు కూర్చుని రండి. ఎక్కడ దిగి నడిపించాల్సి వచ్చిందో ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. మీ కార్పొరేటర్‌కి చూపించడానికి అంతకన్నా మంచి మ్యాపు ఉండదు.

నేను గీసిన మ్యాపు వల్ల ఓ పని అయింది. అక్క వాళ్లింటి నుంచి బడి దాకా లోపలి దారులే పట్టుకుంటే, రహదారిని ఒక్క చోట దాటితే చాలు అని తేలింది. పిల్ల తన ఫ్రెండ్స్ ముగ్గురిని పోగుచేసింది. నలుగురు నాలుగు సైకిళ్లు. అక్క ఒక షరతు మీద ఒప్పుకుంది. అందుకే ఇప్పుడు రోజూ బడి టైముకి బాపు ఆ క్రాసింగ్ దగ్గర చేతిలో ఎర్ర టవల్‌తో నిలబడి, లారీలు ఆపి పిల్లల్ని దాటిస్తున్నాడు. రిటైరయ్యాక మళ్లీ మస్టర్ మొదలైందని నవ్వుతాడు గానీ, ఆయనకు అరవై దాటాయి. అక్కడ ఓ సిగ్నల్ పడితే బాగుండు.