రాయి లేని సీమలో ఇళ్లు

గుడివాడ నుండి బందరు మీదుగా దివిసీమకు సాగే బాటసారికి దారిలో ఒక్క కొండ కనిపించదు, పొలంలో ఒక్క బండ తగలదు. ఇదంతా కృష్ణానది మోసుకొచ్చి పరచిన ఒండ్రునేల. ఘంటసాల బౌద్ధస్తూపపు శిలలైనా, బందరులో డచ్చివారి సమాధులపై చెక్కిన పలకలైనా బయటి నుండి తెచ్చినవే. సామాన్యుని ఇంట రాయి అంటే రోలు, తిరగలి, గడప ముందరి మెట్టు మాత్రమే. మరి ఇక్కడి ఇంటికి బలం ఎక్కడిది?

గుడివాడ ప్రాంతపు పాత లోగిళ్లలో ఇటుక, సున్నమే రాతి పని చేశాయి. తీరంలోని ఆల్చిప్పలను కాల్చి గుల్లసున్నం చేసి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నూరేవారు. ఆ మందపాటి గోడలు నడివేసవిలోనూ చల్లదనాన్ని నిలుపుతాయి. పైన పెంకు, దాని కింద తాటి దూలాలు, నడుమ వెలుతురునిచ్చే మండువా, వీధివైపు ఎత్తైన అరుగు.

ఆ అరుగు వరదనీటిని ఆపే గట్టు మాత్రమే కాదు. అతిథి అక్కడ ఆగి సలాం చెప్పి, అనుమతి లభించాకే లోనికి అడుగుపెట్టాలి. దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా నేర్పిన మర్యాద ఇదే. కుతుబ్‌షాహీల కాలంలో ఇరాన్, అరబ్ తీరాలతో వర్తకం సాగించిన రేవుపట్టణం బందరు. అక్కడి పాత ముస్లిం గృహాలలో అతిథులకు ముందుగది, స్త్రీలకు లోపలి వాకిలి ఉండటంలోని అంతరార్థమూ అదే.

దివిసీమ పేదల నివాసం చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడ, దాదాపు నేలను తాకేలా వంగిన తాటాకు కప్పు. మూలలు లేనందున గాలి దానిని ఒకచోట పట్టి పెకలించలేక చుట్టూ జారిపోతుంది. అయితే గాలికి నిలిచిన ఆ గోడ ఉప్పెనకు కరిగిపోతుంది. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన సుమారు 30 వేల మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమంది అసువులు బాశారు. సొర్లగొంది వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రాత్రి బ్రతికినవారిలో అనేకులను కాపాడినవి తాడిచెట్లు, ఎత్తైన పక్కా కట్టడాలే. ఆ తరువాతనే తీరం వెంట తుపాను రక్షణ భవనాలు వెలిశాయి.

నేడు చుట్టిళ్లు అరుదైనాయి; సిమెంటు మేడలు లేస్తున్నాయి. గోడ బలపడింది, అరుగు మాత్రం మాయమై ఆ స్థానంలో ఇనుప గేటు నిలిచింది. పొరుగువారిని గురించి జిబ్రీల్ (అలై) పదేపదే తాకీదు చేయగా, వారిని వారసులుగా కూడా నిర్ణయిస్తారేమోనని దైవప్రవక్త (స) భావించారు. ఆ తాకీదును మనం గోడలలోనూ పాటించవచ్చు. ఈ సీమలో కొత్త ఇల్లు కట్టేవారు పునాదిని నీటిమట్టానికి మించి లేపాలి. డాబా మీదికి మెట్లను ఇంటి వెలుపలి నుండే వేయించాలి. ఉప్పెన వచ్చిన రాత్రి గేటు తాళం కోసం వెదకకుండా, పక్కనున్న పూరింటి తల్లి తన బిడ్డలతో ఆ మెట్లెక్కగలగాలి.