పట్ట ఎక్కడ కట్టాలి

తొలకరి పడిందంటే వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో మనుషులు తల వంచుకుని నడవడం మొదలుపెడతారు. మే చివర్లోనో జూన్ మొదట్లోనో ఒక్క మంచి వాన చాలు. పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు కడిగిపెట్టినట్టు బయటపడతాయి. వాటిల్లో ఎక్కడో ఒక మెరుపు ఉంటుందని ఆశ. కర్నూలు వైపు తుగ్గలి, జొన్నగిరి చేలల్లోనూ ఇదే వరస. గుంటూరు, ప్రకాశం, బళ్లారి వైపుల నుంచి కూడా జనం వస్తారు. కొందరు మోటార్ సైకిళ్ల మీద, కొందరు ఆటోల్లో, నలుగురైదుగురు కలిసి వచ్చేవాళ్లు పికప్ బండ్లలో. వెనక బాడీలో బియ్యం మూట, నీళ్ల క్యాన్లు, పొయ్యి, దుప్పట్లు, చుట్టిన టార్పాలిన్ పట్ట. వారం పది రోజులు చెట్ల కింద, గుడి అరుగుల మీద, రోడ్డు పక్కన పట్ట కట్టుకుని ఉంటారు.

మా తండాల నుంచి కూడా వెళ్తారు. అక్కడే మాకు, అంటే తండా బళ్లలో పాఠాలు చెప్పేవాళ్లకు, చిక్కు వచ్చి పడుతుంది. వానా బడీ జూన్‌లోనే మొదలవుతాయి. హాజరు పట్టీ తీసి పేర్లు పిలుస్తుంటే నాలుగో పేరుకో అయిదో పేరుకో "చేను కాడికి పోయినాడు సార్" అని జవాబు వస్తుంది. పంట పని ఉండే కాలం కాదది, వజ్రాల పని. మళ్లీ వేరుశనగ చేతికి రాని ఏడాది దీపావళి దాటగానే ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. గుంటూరు, పల్నాడు మిరప చేలకు కొందరు, బెంగళూరు కట్టడాల పనికి కొందరు. అప్పుడూ బండే, పట్టే. ఫిబ్రవరిలో సేవాలాల్ మహారాజ్ జయంతికి గుత్తి దగ్గరి సేవాగఢ్‌కు పోతాం. అదొక్కటే సంతోషంగా పట్ట కట్టే ప్రయాణం. ఏడాదిలో ఇన్నిసార్లు ఇల్లు వదిలి బయట పడుకునే పిల్లలకు ఎక్కడ పడుకోవాలో, దేని కింద పడుకోవాలో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము సుగాలీలం. లంబాడీలన్నా, బంజారాలన్నా మేమే. తండా అనే మాటను ఇప్పుడు ఊరికి మారుపేరుగా వాడుతున్నాం గానీ, మొదట అది ఎడ్ల బారుతో కదిలే జనానికి పేరు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే 1676లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో రెండు సంగతులూ రాశాడు. ఒకటి కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రపు గనులు. రెండోది పది పన్నెండు వేల ఎడ్ల మీద ధాన్యమో ఉప్పో వేసుకుని దారి నిండా సాగే మనవాళ్ల బారులు. అవి ఎదురైతే దారి వదిలేదాకా రోజుల తరబడి ఆగాల్సి వచ్చేదట. 1791-92లో టిప్పు మీదికి వచ్చిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు మోసినవాళ్లలోనూ బంజారాలు ఉన్నారు. అంత మంది, అన్ని పశువులు రోజూ సాయంత్రానికి ఎక్కడో ఒకచోట దిగాలి. నీళ్లుండాలి, మేత ఉండాలి, వరద రాకూడదు, దొంగ రాకూడదు. దిగే చోటు ఎంచేది నాయక్. గోనె బస్తాలను గోడలా పేర్చి, పైన గుడ్డ కప్పుకుని ఆ చాటున పడుకునేవాళ్లు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. చోటు ఎంచే విద్య మాత్రం ముసలివాళ్ల నోట ఇంకా కొంత మిగిలుంది.

ముందుగా చోటు సంగతే చెప్పాలి. పట్ట ఎంత ఖరీదుదైనా తప్పుడు చోట కడితే పనికిరాదు.

కొత్తవాళ్లకు మొదట నచ్చేది వంక. ఎండిన వంకలో ఇసుక మెత్తగా, చల్లగా ఉంటుంది. గట్ల చాటున గాలి కొట్టదు. అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఇక్కడ వరదేమిటని నవ్వేవాళ్లను చూశాం. కానీ ఆ కొద్దిపాటి వానా నెమ్మదిగా పడదు, ఒక్క గంటలో కుమ్మరిస్తుంది. పైన ఎక్కడో కురిసిన నీళ్లు, మన నెత్తిన చుక్క పడకముందే వంకలో దూసుకొస్తాయి. మా తండాలో ఒక అవ్వ మాకు చూపించిన గుర్తు ఇది: వంక పక్కన కంపచెట్లను చూడు, వాటి కొమ్మలకు చెత్త, గడ్డి, ప్లాస్టిక్ కాగితాలు ఎంత ఎత్తున చిక్కుకుని ఉన్నాయో అంత ఎత్తుకు నీళ్లు వచ్చి పోయినట్టు. పాఠంలో వరద మట్టం అంటే పిల్లలకు ఎక్కదు. కంపచెట్టు దగ్గరికి తీసుకుపోయి చూపిస్తే ఎక్కుతుంది.

తరువాత నేల. ఎర్రనేల మిట్ట మీద వాన నిలవదు, తెల్లారేసరికి ఆరిపోతుంది. నల్లరేగడి అలా కాదు. తడిసిందంటే బండి చక్రాలు దిగబడతాయి, మేకులు వాటంతట అవే ఊడొస్తాయి, చెప్పులకు సేరు మట్టి అంటుకుంటుంది. అయితే ఎర్రనేలలో ఇంకో చిక్కు ఉంది. మొరం గట్టిది. కొన్న గుడారంతో వచ్చే సన్నటి మేకులు అందులో దిగవు, వంగిపోతాయి. అందుకని మావాళ్లు మేకులతో కుస్తీ పట్టరు. నాలుగు పెద్ద బండరాళ్లకు తాళ్లు చుడతారు, లేదంటే సంచుల్లో మట్టి నింపి కడతారు.

గాలి సంగతి ఇక్కడ ప్రత్యేకం. ఊరికే పెట్టలేదు కదా ఉరవకొండ, వజ్రకరూరు మిట్టల మీద ఆ గాలిమరలు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి రాత్రీ పగలూ ఈడ్చి కొడుతుంది. కార్తెలు మారి అక్టోబరు, నవంబరు వచ్చేసరికి వాన తూర్పు నుంచి వస్తుంది. కాబట్టి ఒకే చోట అయినా వజ్రాల కాలంలో బండి ముక్కు పడమటికి, వలస కాలంలో తూర్పుకు తిప్పి నిలపాలి. బండి క్యాబిన్ గాలికి గోడ అవుతుంది. పట్ట దాని వెనక చాటున కట్టాలి. దిక్కు తెలియకపోతే దూరాన గాలిమరను చూస్తే సరి. తిరిగేటప్పుడు అది గాలి వచ్చే వైపే ముఖం పెట్టి నిలబడుతుంది. మా ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది ఎవరూ చెప్పలేదు, వాళ్లే గమనించి మాకు చెప్పారు.

ఇక చెట్టు. పగలు వేపచెట్టు నీడను మించింది లేదు. మబ్బు ఉరిమిందంటే అదే చెట్టు శత్రువు. చేను మధ్య ఒంటరిగా నిలబడ్డ చెట్టు మీద పిడుగు పడే అవకాశం ఎక్కువ. తొలకరి ముందు, తొలకరిలో మన సీమలో పిడుగులు మనుషుల్ని, గొర్రెల్ని తీసుకుపోవడం ఏటా వింటూనే ఉన్నాం. పట్ట కింద ఉన్నా, బట్ట గుడారంలో ఉన్నా, పికప్ వెనక బాడీలో పట్ట కప్పుకుని ఉన్నా పిడుగు నుంచి రక్షణ లేదు. పక్కా కట్టడంలోకి పోవాలి, లేదా అద్దాలు మూసిన క్యాబిన్‌లో కూర్చోవాలి. క్యాబిన్‌లో ముగ్గురే పడతారు కదా అంటారు. అందుకే చోటు ఎంచేటప్పుడే బడి, గుడి, సచివాలయం లాంటి కప్పు ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి. ఉరుము వినపడగానే లేచి నడవగలిగినంత దగ్గరలో ఉండాలి.

అన్నిటికన్నా ముందు చేను ఎవరిదో తెలుసుకుని అడగాలి. విత్తనం వేసిన చేలో తొక్కితే ఆ రైతుకు ఏడాది పోతుంది. వజ్రాల కాలంలో తమ పొలంలోకి రావద్దని బోర్డులు పెట్టే రైతులున్నారు. తప్పు వాళ్లది కాదు.

గుడారాల రకాల మీద మా పిల్లలకు మోజు ఎక్కువ. ఫోన్‌లో చూస్తారు. రంగురంగుల గుమ్మటం గుడారం, రెండు కర్రలు దూర్చితే నిలబడేది. గండికోటలో పెన్నా లోయ చూడ్డానికి వచ్చేవాళ్లు డబ్బులిచ్చి అలాంటి వాటిలోనే పడుకుంటున్నారు. మేము చూసినంతలో అది చలికాలపు రాత్రికి బాగుంటుంది. ఎండాకాలంలో ఉదయం ఎనిమిదింటికే అందులో ఉడికిపోతాం. పడమటి గాలికి దాని కర్రలు విల్లులా వంగుతాయి. ఇద్దరికని రాసి ఉన్నదాంట్లో ఇద్దరు మనుషులే పడతారు, సామాను పట్టదు. కొనాలనుకునేవాళ్లు నలుగురిదని రాసింది ఇద్దరికి కొనుక్కోవాలి. పైన వేరే కప్పు గుడ్డ, అడుగున కుట్టిన నేలగుడ్డ, జిప్పుతో దోమతెర ఉన్నాయో లేదో చూడాలి. మా తాతల కాలపు మందపు నూలు కాన్వాసు గాలి ఆడనిస్తుంది, కానీ తడిస్తే ఇద్దరు మోయాలి, ఆరబెట్టకుండా చుడితే బూజు పడుతుంది.

మా ఓటు పట్టకే. పన్నెండు అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవున్న పట్ట ఒక పికప్‌కు సరిపోతుంది. అంచుల్లో ఇత్తడి లేదా అల్యూమినియం కళ్లు దగ్గరదగ్గరగా ఉండాలి. తూకం వేసి అమ్మే చోట బరువున్నదే తీసుకోవాలి, పలచటిది ఒక్క సీజనుకే చిరుగుతుంది. బాడీ మీద ఇనుప వంపులు నాలుగు బిగించి, పట్టను వాటి మీదుగా వెనక్కు దించి రెండు వెదురు బొంగుల మీద నిలిపితే, బాడీలో ముగ్గురు పడుకోవచ్చు, వెనక నీడలో వంట చేసుకోవచ్చు. బాడీ పొడవు ఎనిమిది తొమ్మిది అడుగులు ఉంటుంది కాబట్టి కాళ్లు ముడుచుకోవాల్సిన పని లేదు. నేలకు రెండున్నర మూడు అడుగుల ఎత్తున పడుకోవడమే దీనిలో అసలు లాభం. కట్లపాము రాత్రి తిరిగే పాము. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. నొప్పి ఉండదు, కాటు గుర్తు కూడా సరిగా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. అప్పుడు మంత్రం కోసం, పసరు కోసం తిరగొద్దు, పిల్లవాణ్ని నడిపించొద్దు, అదే బండిలో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది. నేల మీద పడుకోక తప్పనివాళ్లు దోమతెర కట్టి, దాని అంచులు చాప కిందికి చుట్టూ దోపాలి. దోమకంటే పాముకే అది ఎక్కువ అవసరం.

పట్ట నాలుగు వైపులా దించి లోపల పొయ్యి వెలిగించొద్దు. బొగ్గుల కుంపటి అసలే వద్దు. ఆ పొగలేని గాలి నిద్రలోనే మనిషిని చంపుతుంది.

ఉయ్యాల సంగతి అడుగుతారు. వల ఉయ్యాలలు ఇప్పుడు చవకగా వస్తున్నాయి, ఒక సంచిలో పడతాయి. కానీ మన నేలలో చిక్కు చెట్లదే. పది అడుగుల ఎడంలో రెండు గట్టి చెట్లు దొరికితే అదృష్టం. దొరికేవన్నీ కంప, తుమ్మ. కాబట్టి ఒక కొస వేపకు, ఇంకో కొస బండి బాడీ కొక్కేనికి కడుతున్నారు మన కుర్రాళ్లు. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టి, తాళం చెవి ఉయ్యాలలో పడుకున్నవాడి జేబులో ఉంటేనే ఆ పని చేయాలి. తాడు బిగించి కట్టకూడదు, వదులుగా వేలాడాలి. అందులో నిలువుగా కాకుండా ఏటవాలుగా పడుకుంటే నడుము పట్టేయదు. మధ్యాహ్నం కునుకుకు బాగుంటుంది. రాత్రికి మాత్రం మాకు నమ్మకం లేదు. వాన వచ్చినా, ఉరిమినా అందులోంచి లేవడానికే సగం సమయం పడుతుంది.

చంటిబిడ్డల చీర ఉయ్యాల వేరు. మిరప చేలల్లో తల్లులు బండి కింద నీడ ఉంది కదా అని అడుగున ఇరుసుకు చీర కట్టి బిడ్డను పడుకోబెట్టడం కళ్లారా చూశాం. డ్రైవరుకు తెలియదు. సెల్లులో ఎవరో పిలిస్తే వచ్చి బండి తీస్తాడు. మా యాడీలకు, చెల్లెళ్లకు ఈ ఒక్క మాట చేతులు పట్టుకుని చెబుతున్నాం: నిలబడ్డ బండి కింద బిడ్డ వద్దు. మూడు కర్రలు ముక్కాలిలా నిలిపి దానికి కట్టండి.

ఇంకొకటి. పికప్ సామాన్ల బండి. దాని వెనక మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా మేము వద్దనే చెప్పేవాళ్లం. పాతికమంది నిలబడి పోతున్న బండి మలుపులో ఒరిగితే ఏమవుతుందో పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. పట్ట, పొయ్యి, బియ్యం బండిలో పోనివ్వండి. మనుషులు గుంతకల్లులో రైలెక్కితే నంద్యాల మీదుగా గుంటూరు చేరవచ్చు.

ఇవన్నీ చెప్పి పిల్లల్ని వలసకు తయారు చేస్తున్నారా సార్ అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. తల్లిదండ్రులు వలసపోయే కాలంలో పిల్లల్ని ఊళ్లోనే ఉంచడానికి సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. వాటిలో చేర్చమని మేము ఇల్లిల్లూ తిరుగుతాం. కొందరు చేరుస్తారు. ఆడపిల్లను వదిలి పోలేమని, చంటివాణ్ని ఎవరు చూస్తారని కొందరు వెంట తీసుకుపోతారు. పోయిన పిల్లను హాజరు పట్టీలో సున్నా చుట్టి వదిలేయలేం కదా. ఆమె ఆ రాత్రి ఎక్కడో ఒకచోట పడుకోవాలి.

పోయిన జూన్‌లో తండా పెద్దల్ని, పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడాం. వజ్రాలకు పోవద్దని చెబితే ఎవరూ వినరు. అప్పుడప్పుడు ఎవరికో రాయి దొరికిందని, వ్యాపారి గుట్టుగా కొన్నాడని కబురు వస్తూనే ఉంటుంది. బడి ఉన్న రోజు పోకూడదు, ఆదివారం పోతే పెద్దవాళ్లతోనే పోవాలి, రాత్రి చేలో ఉండకూడదు అన్నదాకా ఒప్పుకున్నారు. అబ్బాయిలు వల ఉయ్యాల ఒకటి బడి తరఫున కొనివ్వమన్నారు. ఆడపిల్లలు అంతసేపూ మాట్లాడలేదు. చివర్లో ఒక పిల్ల లేచి, మిరప చేల కాడ పడుకునే పట్ట ఎట్లున్నా ఫరవాలేదు సార్, స్నానానికీ దొడ్డికీ నాలుగు కర్రలకు చుట్టూ కట్టుకునే చిన్న పట్ట ఒకటి, రాత్రి దాకా పోవడానికి టార్చిలైటు ఒకటి బండిలో తప్పకుండా వేయమని మా నాయనకు చెప్పండి అంది. మగవాళ్లం పదేళ్లుగా పట్టల పొడవు వెడల్పులు లెక్కలు వేస్తున్నాం, ఆ మాట మాలో ఎవరి నోటా రాలేదు. ఆ సాయంత్రమే నలుగురు తండ్రులు ఉరవకొండ పోయి ఆకుపచ్చ పట్ట ముక్కలు కోయించుకుని వచ్చారు.