సలేశ్వరం దారిలో తేలిక సంచి

చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్దిరోజులే నల్లమలలో సలేశ్వరం లింగమయ్య గుహకు దారి తెరుస్తారు. మన్ననూరు దాటి ఫర్హాబాద్ గేటు దగ్గర అడవిలోకి మళ్లితే, రాంపూర్ పెంట అనే చెంచుగూడెం తర్వాత ఇక కాళ్లే దిక్కు. ఏప్రిల్ ఎండ, రాళ్ల బాట, ఆపైన లోయలోకి నిట్రమైన దిగుడు. “వస్తున్నం లింగమయ్యా” అంటూ దిగేవాళ్లు, “పోయొస్తం లింగమయ్యా” అంటూ ఎక్కేవాళ్లు ఆ ఇరుకులోనే ఒకరినొకరు ఒరుసుకుంటూ సాగాలి.

వయసులో ఉన్నప్పుడు నా వీపున డేరా, స్టవ్వు, గిన్నెలు, లావుపాటి పుస్తకాలు ఉండేవి. అరవై దాటాక అవి ఒక్కొక్కటే ఇంట్లో ఆగిపోయాయి. ఎక్కేటప్పుడు ఆయాసమే, కాసేపు నిలబడితే తగ్గుతుంది. దిగేటప్పుడు మాత్రం సంచిలోని ప్రతి కిలో మోకాలిచిప్ప మీదే పడుతుంది. అందుకే బయలుదేరే ముందు భువనగిరి కోట మీదికి నిండు సంచితో ఎక్కి దిగాను. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి తర్ఫీదు పొందిన ఏకశిల అది. దిగాక సంచి విప్పి ఇంకొన్ని తీసేశాను. మొదట పోయింది సంచే. పాత కాన్వాసుది, ఖాళీగా కూడా బరువే; దాని బదులు తేలికది పట్టుకున్నాను. దుప్పటి బదులు చేనేత తువ్వాలు చాలు: పరుచుకోవచ్చు, కప్పుకోవచ్చు, తడిపి తలకు చుట్టుకోవచ్చు. బీపీ గోలీల పట్టీలోంచి కావలసినన్నే కత్తిరించుకున్నాను. చేతికర్ర మాత్రం కొత్తగా చేరింది.

నీళ్ల దగ్గర పిసినారితనం పనికిరాదు. లీటరంటే కిలో, నిజమే. కానీ పెద్దవయసులో దాహం సరిగా తెలియదు, ఒంటి అవసరం మాత్రం తగ్గదు. తక్కినవన్నీ వదిలింది మూడు లీటర్లు మోయడానికే.

అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ 1955లో, 67వ ఏట, మూడు వేల కిలోమీటర్లకు పైగా ఉన్న అప్పలాచియన్ కాలిబాటను ఒంటరిగా నడిచింది. భుజాన తాను కుట్టుకున్న గుడ్డసంచి, వానకు స్నానాలగది తెర. డేరా లేదు. పట్నం దుకాణాల్లో తేలిక సామాను పేరిట వేలు పోసేవాళ్లకు ఆవిడ గురించి చెప్పాలనిపిస్తుంది.

అలాంటి మనిషే ఈ బాటలోనూ కనబడింది. మద్దిచెట్టు నీడలో ఒక అవ్వ మూట విప్పింది. రెండు జొన్నరొట్టెలు, ఎర్రకారం, ఉల్లిగడ్డ, ఒక కొబ్బరికాయ, నీళ్ల సీసా.

“ఇంకేం తెచ్చుకోలేదా అవ్వా?”

“ఇంకేం గావాలె కొడుకా? ఆడ లింగమయ్య నీళ్లున్నయ్, ఇంటికాడ పొయ్యి ఉన్నది.”

రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. లోయ అడుగున జలపాతం కింద తడిసి, గుహలో చెంచు పూజారి దగ్గర విభూతి పుచ్చుకుని, ఎక్కడం మొదలుపెట్టాను. ఖాళీ సీసాలు సంచిలోనే ఉన్నాయి. పెద్దపులుల అడవి ఇది, వాటిని తిరిగి మోసుకురావాల్సిందే. పెంట చేరేసరికి పొద్దు వాలింది, మోకాళ్లు నొప్పి పెట్టలేదు. చలికాలంలో మల్లెలతీర్థం మెట్లు దిగుదామనుకుంటున్నాను, అప్పుడు రెండు లీటర్లు సరిపోతాయి.