పలక స్పీకర్లు పలికిన విధము

మన కోనసీమలో పిల్లలు విదేశములలో ఉన్న ఇండ్లు చాలా ఉన్నవి. వారు పంపిన వస్తువులలో కొన్ని వాడుకలో ఉంటాయి, కొన్ని గుడ్డ కప్పుకొని మూలన ఉంటాయి. రాజోలు దగ్గర మా సంఘ పెద్ద ఒకరి ఇంట అలా మూలబడిన ఒక జత స్పీకర్లను గూర్చి ఈ నెల వ్రాస్తున్నాము.

అమెరికాలోని కుమారుడు ఓడ సామానులో పంపినవి అవి. చూచుటకు తలుపు రెక్కలవలె ఉంటాయి. మనమెరిగిన స్పీకరులోని కాగితపు గరాటు వీటిలో లేదు. పల్చని ప్లాస్టిక్ పొర, దానికి అంటించిన సన్నని తీగెలు, వెనుక వరుసగా అయస్కాంతములు, అంతే. తీగెలలో విద్యుత్తు పారినప్పుడు పొర అంతయు కదలి పలుకుతుంది. 1969లో జిమ్ వైనీ అనే ఇంజనీరు అమెరికాలోని మిన్నెసోటాలో మాగ్నెపాన్ అనే కంపెనీ పెట్టి ఈ రకమును అమ్మసాగాడు. అంతకు ముందే 1957లో ఇంగ్లండులో క్వాడ్ వారి పలక స్పీకరు వచ్చింది గాని, అది ఎక్కువ వోల్టేజీతో పనిచేసేది. మన ఉప్పుగాలికి, చెమ్మకు అటువంటిది రాకపోవుటే మేలైనది!

ఆ ఇంటి తాతగారికి ఎనుబది అయిదు దాటాయి. చూపు తగ్గి బైబిలు చదువలేరు. రికార్డు చేసిన వాక్యము, పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు, ఇవే ఆయనకు ఆధారము. “శబ్దము వస్తోంది గాని మాట తెలియడం లేదయ్యగారూ, నా కోసం పెట్టకండి” అన్నారు. ఇంటివారు పెంచినకొలది ఆయన చెవిమీద చెయ్యి పెట్టుకొనేవారు. కుటుంబ ప్రార్థనలో పాట ఎత్తే మనిషి గోడవైపు తిరిగి పడుకొనుట మొదలుపెట్టారు. అది మాకు బాధ కలిగించింది.

ముందు చెవి డాక్టరు దగ్గరకు పంపాము. గులిమి తీశారు, తక్కినది వయస్సు వలన అన్నారు. వయస్సు మీరినకొద్దీ మొదట పోయేది సన్నని ధ్వనులు వినే శక్తి. అచ్చులు వినబడతాయి గాని హల్లులు జారిపోతాయి. పాపము, తాపము ఆయనకు ఒకటే. అటువంటివారికి ఎంత పెంచినా మోతే పెరుగుతుంది.

అమలాపురంలో రేడియోలు బాగుచేసే మా సంఘ యౌవనస్థుడు ఒకరిని వెంటబెట్టుకొని వెళ్ళాము. స్పీకర్లు గోడకు ఆనించి ఉన్నవి. ఈ పొర ముందుకు ఎంత పలుకునో వెనుకకు అంతే పలుకుతుంది. వెనుక ధ్వని గోడను తాకి వెంటనే తిరిగివచ్చి ముందు మాటలో కలిసి దానిని చెరుపుతుంది. నాలుగు అడుగులు ముందుకు జరిపి మంచమువైపు కొంచెం త్రిప్పాము. ఇది పైసా ఖర్చు లేని పని, అయినా అన్నిటికంటె కష్టమైనది ఇదే. “నడిచే దారి పోతుందండీ” అన్నది కోడలు. ఆమె మాట న్యాయమే. చివరకు నేలమీద సుద్దముక్కతో గుర్తులు గీశాము. ప్రార్థన వేళ ముందుకు, తరువాత వెనుకకు.

వెనుక చిన్న గూటిలో రెసిస్టరు ఒకటి తగిలించి ఉంది. సన్నని ధ్వనులను మెత్తబరచుటకు కంపెనీవారు ఇచ్చేది అది. మెత్తన మనకెందుకు? తీసివేసి మామూలు తీగెముక్క పెట్టాడు. చిలుము పట్టిన తీగె కొనలను గరుకు కాగితముతో గీకాడు. సన్నని కాళ్ళమీద పలక ఊగుతోందని తాటి పట్టెతో బరువైన పీఠము చేయించి బిగించాము. జరుపుకొనుటకు కింద గోనెపట్టా. పొర జోలికి మాత్రము పోలేదు. ఇనుప స్క్రూడ్రైవరు దగ్గరకు పోతే అయస్కాంతము లాక్కుంటుంది, పొర చిరుగుతుంది. ఎండ తగిలేచోట పెట్టినా తీగెల జిగురు ఊడుతుంది. పాత కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే అదే మైక్రోఫారడ్ అంకె గల ఫిల్మ్ రకము వేయవచ్చును. ఇక్కడ ఆ అవసరము రాలేదు. ఇవి నాలుగు ఓముల స్పీకర్లు, శక్తి ఎక్కువ తాగుతాయి. చిన్న ఆంప్లిఫయరును చివరిదాకా తిప్పితే సన్నని తీగె కాలుతుంది. డోలకు మోత కావలసినవారు వీటిని ఆశించవద్దు, అది వీటిలో తక్కువే.

ఆ సాయంత్రము యోహాను సువార్త పెట్టాము. తాతగారు ఇటు తిరిగి కొంతసేపు విన్నారు. “కాస్త తగ్గించు బాబూ, గట్టిగా ఉంది” అన్నారు. తరువాత మా గుడిలో రికార్డు చేసిన కీర్తన పెట్టగా, రెండవ చరణము దగ్గర చెయ్యెత్తి ఆపమన్నారు.

“అయ్యగారూ, మన హార్మోనియము పై స్వరము ఒకటి శ్రుతి తప్పింది. చూపించండి.”

మరునాడు విప్పి చూస్తే రీడు కింద దుమ్ము చేరి ఉంది.