జానెడు తక్కువ గొట్టం

మన కాలేజీలో నన్ను ఫిజిక్సు విద్యార్థిగా ఎరిగినవారు చాలామందే ఉన్నారు. పెండ్లిళ్ళ సీజనులో చిక్కడపల్లి బ్యాండు మేళంలో ట్యూబా ఊదేవాడిగా ఎరిగినవారు మాత్రం బహుశా లేరు. అందులో దాచుకోవలసిన తప్పేమీ లేదు. ఊరినుంచి నాయిన పంపే డబ్బు మెస్సుకు సరిపోతుంది. అశోక్‌నగర్‌లో గది అద్దె కట్టేది ఆ ఇత్తడి గొట్టమే.

మొన్నటి మాఘమాసంలో ఒక బరాత్. నారాయణగూడ చౌరస్తా దాటి, మెట్రో స్తంభాల కిందుగా చిక్కడపల్లి వైపు నడుస్తున్నాం. పాట కిందికి దిగిన ప్రతిసారీ నా స్వరం పైకి జారుతోంది. బ్యాండు మాస్టరు అందరి ముందూ అననే అన్నాడు: "తమ్మీ, నీ చెవులనే దోషమున్నది. రేపటి సంది రాకు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు సిటీ సెంట్రల్ లైబ్రరీలో, గ్రూప్స్ పరీక్షలకు చదువుకొనే అన్నల మధ్య కూర్చొని లెక్క కట్టాను.

నా ట్యూబాకు మూడు వాల్వులు. ఏది నొక్కినా గాలి మరికొంత గొట్టం చుట్టి వస్తుంది, స్వరం దిగుతుంది. హార్మోనియం మెట్లలో చెప్పాలంటే రెండో వాల్వు ఒక మెట్టు, మొదటిది రెండు, మూడోది మూడు మెట్లు దింపుతాయి. అసలు గొట్టం పొడుగు 100 అనుకుంటే మొదటి వాల్వు 12.25, మూడోది 18.92 కలుపుతాయి. రెండూ నొక్కితే 131.17. కాని అయిదు మెట్లు సరిగ్గా దిగాలంటే 133.48 కావాలి. ఎందుకంటే, ఒక వాల్వు నొక్కగానే గొట్టం పొడుగైంది. రెండోది కలపవలసింది పెరిగిన ఆ పొడుగు మీద లెక్కగట్టి, మొదటి నూటి మీద కాదు.

ఇక్కడ నాకు మా బోరుబావి అప్పు గుర్తుకొచ్చింది. "మిత్తికి మిత్తి ఏస్తున్నడు బిడ్డా" అని నాయిన అన్నప్పుడు నేను ఏడో తరగతి. స్వరం అడిగేది చక్రవడ్డీ, వాల్వులు కట్టేది బారువడ్డీ! దాదాపు 18 అడుగుల గొట్టంలో ఒకటీ మూడూ నొక్కితే లోటు 5 అంగుళాలు. మూడూ కలిపి నొక్కితే జానెడు. స్వరం అరమెట్టు పైకి పోతుంది. చెవి దోషం కాదు మరి!

నాలుగో వాల్వు ఉంటే? అదొక్కటే అయిదు మెట్లు దింపుతుంది. ఒకటి-మూడుకు బదులు నాలుగు, మూడూ నొక్కే చోట రెండు-నాలుగు. వ్రేళ్ళు కొత్తగా నేర్చుకోవాలి, కాని లోటు చాలా తగ్గుతుంది. అయితే మిత్రులారా, నాలుగోది నొక్కగానే గొట్టం 24 అడుగులవుతుంది. 18 అడుగులకు కోసిన మిగతా మూడూ దానికి చాలవు. నాలుగూ నొక్కితే 11 మెట్లు దిగాల్సింది తొమ్మిది పైచిలుకే దిగుతుంది. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు తెచ్చినట్లు! 1835లో బెర్లిన్‌లో వీప్రెష్ట్, మోరిట్జ్ పేటెంటు పొందిన ట్యూబాకే అయిదు వాల్వులు. 1874లో ఇంగ్లండులో బ్లైక్లీ వేరే దారి పట్టాడు. చివరి వాల్వు నొక్కినప్పుడు గాలి మిగతా వాల్వుల గుండా రెండోసారి తిరిగి, చిన్న చిన్న గొట్టాలను అదనంగా కలుపుకుంటుంది. మిత్తికి మిత్తి దానంతటదే చెల్లుతుంది. అలాంటి వాయిద్యం కొనే తాహతు మా మేళానికి లేదు.

నాకున్నది మొదటి వాల్వు వంపు గొట్టం. చిలుము పట్టి బిగుసుకుపోయింది. నూనె వేసి కదిలించాను. రెండు కాళ్ళ వంపు కనుక రెండున్నర అంగుళాలు లాగితే అయిదు పెరుగుతుంది. సాయంత్రం మాస్టరు దగ్గరికి వెళ్ళి కాగితం చాపితే చూడలేదు. ఊదితే కళ్ళు మూసుకొని విన్నాడు. "రేపు ఆరింటికి రా" అన్నాడు.

ఇదంతా నాయినకు ఫోనులో చెప్పాను. ఆయన కాసేపు నవ్వి, "గొట్టం గుంజి లోటు పూడ్చినవ్, మంచిదే. మన బాకీకి ఏది గుంజాలె బిడ్డా?" అని అడిగాడు.

ఈ సీజనులో అద్దె పోను మిగిలింది ఊరికి పంపాను. అది ఆ ఏటి మిత్తికి సరిపోయింది.