నిందకు ముందు లెక్క

అది ఉపకార వేతనాల దరఖాస్తుకు తుది దినం. మధ్యాహ్నం మూడు గంటల వేళ మా కళాశాల కంప్యూటర్ ప్రయోగశాలలో నెట్‌వర్క్ మందగించింది. మేము పదే పదే మీట నొక్కినా దరఖాస్తు కదలలేదు. ప్రక్క గదిలోని ఉర్దూ మాధ్యమపు సోదరులు సినిమాలు చూస్తున్నారని మాలో మేమే తీర్మానించుకొని, వారితో పరుషంగా మాట్లాడాము.

ల్యాబ్ అసిస్టెంటు గారు మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. ఏ మార్గాన ఎన్ని బైట్లు సాగినవో రౌటర్ ఎడతెగక లెక్కిస్తూ ఉంటుంది. కొద్ది వ్యవధిలో ఆ లెక్కను రెండుసార్లు తీసి, తేడాను కాలంతో భాగిస్తే అప్పటి రద్దీ తెలుస్తుంది. ఆ విధంగా గీసిన గ్రాఫును వారు తెరపై చూపారు. ప్రక్క గది గీత నేలబారుగా ఉంది. మా గది గీత నిటారుగా లేచింది. మా యంత్రాలన్నీ ఒక్కసారే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను దింపుకుంటున్నవి! వాటిని ఆపగానే దరఖాస్తులు సాగిపోయాయి. మేము తలలు వంచుకున్నాము.

పిమ్మట వారొక సంగతి చెప్పారు. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ నడుమ, 400 గజాల దూరంలోనే, వేగం సెకనుకు 32,000 బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయింది. వాన్ జేకబ్సన్, మైకేల్ కారెల్స్ కారణం వెదికారు. దారిలో ప్యాకెట్లు నశించిన కొద్దీ యంత్రాలు వాటినే మరల మరల పంపి రద్దీని పెంచినవి. మెల్లగా ఆరంభించి, దారి ఇముడ్చుకొన్నంత వరకే వేగం పెంచే పద్ధతిని వారు 1988లో వివరించారు. మీట పదే పదే నొక్కిన మా తొందరకూ, ఆ యంత్రాల తొందరకూ భేదమేమి?

అయితే ఈ పరిశీలనకూ హద్దు ఉండాలి. తపాలా బంట్రోతు కవరుపై చిరునామా చూడవచ్చును గాని, లోపలి ఉత్తరం చదువరాదు. రద్దీ తెలియుటకు బైట్ల సంఖ్య చాలును.

ఆ సాయంత్రమే ప్రక్క గదికి వెళ్ళి క్షమాపణ కోరాము. “కోయీ బాత్ నహీ, భాయీ” అని వారు నవ్వారు. ఆ నవ్వు మమ్ము మరింత సిగ్గుపరచింది. లెక్క చూడకముందే నింద వేయరాదని నాడు నేర్చుకున్నాము.