బళ్ళారి జాలికి జాలి లేదు

బళ్ళారి అంటే ఎండ, బండ అంటారు బయటివాళ్ళు. అబద్ధమేం కాదు. ఊరి నడుమ రాతి గుట్టలు, ఎండాకాలం వస్తే 40 డిగ్రీలు దాటే వేడి. అయినా ఆ బండల సందుల్లో ఎన్ని మొక్కలు బతుకుతున్నాయో, వానలు పడ్డాక ఒక ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని చూడండి. పెద్దగా ఖర్చు లేని షికారు ఇది.

ఊరు దాటగానే రోడ్డుకు రెండు పక్కలా కనిపించేది సర్కారు తుమ్మ. మన సీమలో కంపచెట్టు అంటాం. కన్నడంలో దీని పేరు బళ్ళారి జాలి. అక్కడ జాలి అంటే తుమ్మ. తెలుగు అర్థం నమ్ముకుని దగ్గరికి పోతే ముల్లు దిగుతుంది!

ఊరి పేరు పెట్టుకుందే గానీ ఇది ఈ ఊరిది కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. 1877 ప్రాంతంలో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురంలో నాటారు. పశువులు కాయలు తిని పేడలో విత్తనాలు వేస్తూ పోతే, చెరువు గట్లు, బీళ్ళు అన్నీ కమ్మేసింది. అట్లని ఊరికే తిట్టలేం. గ్యాసు లేని రోజుల్లో ఎన్నో ఇళ్ళ పొయ్యి మండింది ఈ కంపతోనే.

ఈ నేలలో పుట్టిపెరిగినవి వేరే ఉన్నాయి. పసుపుపచ్చగా పూసే తంగేడు, కన్నడంలో తంగడి. మేకలు కూడా పెద్దగా ముట్టవు కాబట్టి బీడులో నిలిచింది. దీని బెరడుతోనే ఒకప్పుడు తోళ్ళు పదును చేసేవాళ్ళు. వేప అక్కడ బేవు. జిల్లేడు ఎక్క. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, ఉమ్మెత్త కాయ విషం. ఇవి పిల్లలకు ముందే చెప్పాలి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. తంగేడుకు ఆ గీత తెలీదు. రెండు పక్కలా ఒకే పువ్వు. మన పిల్లలకు మాత్రం గీత పడుతోంది. బడిలో కన్నడం పేరు నేర్చుకుంటారు, ఇంట్లో తెలుగు పేరు చెప్పేవాళ్ళు లేకపోతే అది ముసలోళ్ళతోనే పోతుంది.

ఇంకొంచెం దూరం పోగలిగితే హంపి దగ్గర దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. 1994లో పెట్టారు. బండల నడుమ ముళ్ళ పొదలు, రేగు, సీతాఫలం. ఆ పండ్లే ఎలుగుబంటికి కూడు. అక్కడ ఒక్క కొమ్మ కూడా తుంచకూడదు. సండూరు కొండలు వానాకాలంలో పచ్చగా ఉంటాయి. ఇనుప ఖనిజం తవ్వకాలు జోరుగా ఉన్న రోజుల్లో అక్కడి ఆకులు ఎర్రదుమ్ముతో నిండిపోయేవి. 2011 జులైలో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించింది. తర్వాత షరతుల మీద మళ్ళీ మొదలయ్యాయి. కొండ పచ్చగా ఉంటేనే కింద ఊళ్ళకు నీళ్ళు, మన ఊపిరికి గాలి. అది చూసొస్తే పిల్లలకు పాఠం చెప్పక్కర్లేదు.

పూలంటే హూవిన హడగలి. ఇప్పుడు విజయనగర జిల్లాలో ఉంది. హూవు అంటే కన్నడంలో పువ్వు, ఊరి పేరులోనే ఉంది. అక్కడి మల్లెకు ప్రభుత్వం వారి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

మరి మన లైను ఇళ్ళలో చోటేదీ అంటారా? రంగు డబ్బాకు అడుగున నాలుగు బొక్కలు పెట్టి, బాగా కడిగితే అదే కుండీ. నల్లరేగడి ఒక్కటే పోస్తే ఎండితే పగులుతుంది, తడిస్తే బిగుస్తుంది. కాస్త ఇసుక, మాగిన పేడ ఎరువు కలపాలి. తులసి, కలబంద, బచ్చలి, కనకాంబరం సులువుగా వస్తాయి. బియ్యం కడిగిన నీళ్ళు పారబొయ్యకుండా సాయంత్రం పూట పొయ్యండి. మట్టి మీద బియ్యం మిల్లు ఊక పలచగా పరిస్తే తడి తొందరగా ఆరదు.

ప్రతి డబ్బా మీదా పిల్లలతోనే పేరు రాయించండి. ఒక పక్క తెలుగులో, ఇంకో పక్క కన్నడంలో. ఉగాదికి వేపపువ్వు తెమ్మంటే పచ్చడి కోసం వాళ్ళే పోయి తెస్తారు. పక్కింటి కన్నడం అవ్వ బేవు-బెల్లానికి అడిగితే ఆమెకూ ఒక గుప్పెడు ఇచ్చొస్తారు.